కడిగిన ఏనుగు

మంగళవారం నుంచి మా క్వార్టర్స్ కొళాయిలో నీళ్ళు లేవు. గాలి మాత్రం వస్తోంది. తిప్పగానే ముందు దగ్గుతుంది, తర్వాత నిట్టూరుస్తుంది, ఆ తర్వాత ఊరుకుంటుంది. అచ్చం రిటైర్మెంటుకు దగ్గరపడిన ఉద్యోగిలా. నేనూ డిసెంబరులో రిటైరవుతున్నాను కాబట్టి ఆ కొళాయి మీద నాకు కోపం లేదు. మా ఆవిడ మంగైకి ఉంది. కొళాయి ఎదురు మాట్లాడదు, అందుకని నాతో పోట్లాడుతోంది.

దీనికి తోడు నాకు బీపీ. ఉప్పు ముట్టుకోవద్దని డాక్టరు అన్నాడు. డాక్టరు చెప్పినవన్నీ మంగై పాటించదు కానీ ఇది మాత్రం భక్తితో పాటిస్తోంది. ఉప్పు లేని సాంబారు, ఉప్పు లేని చట్నీ, ఉప్పు లేని మజ్జిగ. రెండు నెలలుగా నేను తింటున్నది భోజనమా, భోజనం తాలూకు నకలా అని అనుమానంగా ఉంది.

ఇంట్లో వేరే మార్పులేమైనా వచ్చాయేమో నాకు తెలియదు. నిన్న పొద్దున దేవుడి అలమర పక్కన, మురుగన్ పటానికీ మా మామగారి ఫోటోకీ మధ్య, కొత్త పటం ఒకటి తగిలించినట్టుంది. ఏ దేవుడో నేను అడగలేదు. అడిగితే దానికో ఉపవాసం ఉంటుంది. ఉన్నవే చాలు.

ఇవాళ, శుక్రవారం పొద్దున, పళ్ళు తోముకోవడానికి చెంబెడు నీళ్ళ కోసం బేరమాడుతుండగా కెప్టెన్ దొరైకణ్ణు గారు ఫోన్ చేశారు. మా నౌకాదళ విమాన స్థావరానికి ఆయనే పెద్ద. నేను స్థావరం పోలీసుల్లో సీనియర్ని. పేరు పూంగావనం, కానీ నౌకాదళంలో నా హోదా పేరును బట్టి అందరూ మాస్టర్ అనే పిలుస్తారు. పేరు పెద్దదే. పని మాత్రం కోతుల్ని తోలడం, సైకిళ్ళకి లైట్లు ఉన్నాయో లేదో చూడటం, తాగొచ్చిన వాళ్ళని నడిపించి పడుకోబెట్టడం.

"పూంగావనం, ఈ కేసుకి నీ అనుభవం కావాలయ్యా," అన్నారు కెప్టెన్ గారు.

ఢిల్లీలో నేర పరిశోధన ట్రైనింగయి వచ్చిన కుర్ర లెఫ్టినెంటు ఒకడు స్థావరంలో ఖాళీగా కూర్చుని క్రాస్‌వర్డ్ పూర్తి చేసుకుంటున్నాడు. వాణ్ణి వదిలేసి నన్ను పిలిచారు. ఈ వయసులో మన అనుభవం కావాలని బ్యాంకు వాళ్ళు కూడా అనరు. నిజం చెప్పొద్దూ, కాస్త పొంగిపోయాను.

కేసు ఇదీ. మా దగ్గర రష్యా నుంచి తెప్పించిన పెద్ద విమానాలు ఉన్నాయి. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికీ రెండేసి పంకాలు. పొద్దున లేచి సముద్రం మీదికి పోయి, నీళ్ళ కింద జలాంతర్గాములు ఏమైనా నక్కి ఉన్నాయా అని వెతికి, పొద్దు వాలేలోగా తిరిగొస్తాయి. వాటిని మేం ఏనుగులంటాం. ఆ ఏనుగు పొట్టలో నిలువెత్తు గొట్టాలు ఉంటాయి. అనుమానమున్న చోట ఒకటి జారవిడిస్తే చిన్న గొడుగు కట్టుకుని దిగి, నీళ్ళలో తేలుతూ, కిందికి వైరు వేలాడదీసి, జలాంతర్గామి చప్పుడు విని పైకి చెబుతుంది. వాటి పేరు మా వాడుకలో చెవి. పని అయ్యాక దానంతటదే మునిగిపోతుంది. శత్రువుకి చిక్కకుండా.

అలాంటి చెవి ఒకటి నిన్న సముద్రపొడ్డు పల్లెలో ఒక జాలరి పడవలో పోలీసులకి దొరికింది. మా స్టోర్‌లో లెక్క చూస్తే ఒకటి తక్కువ. స్టోర్ చూసేది పెట్టీ ఆఫీసర్ సెల్వనాయగం. ఇంకేముంది, వాణ్ణి లోపల వేశారు. సాయంత్రం ఆరింటికి పోలీసు వ్యాను వచ్చి జాలరితో పాటు వాణ్ణీ తీసుకుపోతుంది. గూఢచర్యం కేసు. ఆ కేసులో లోపలికి వెళ్ళినవాడు నిర్దోషిగా బయటికొచ్చేసరికి చేసిన తప్పేమిటో వాడికే గుర్తుండదు.

సెల్వనాయగం వాళ్ళ పాపకి ఆదివారం చెవులు కుట్టించే వేడుక. పత్రిక నా టేబుల్ మీదే ఉంది. మూలల పసుపు ఇంకా రాలుతూనే ఉంది.

గేటు గదిలోకి అడుగుపెట్టేసరికి ఇన్‌స్పెక్టర్ జ్ఞానప్రకాశం నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తీరప్రాంతం స్టేషన్ ఆయనది. మీసానికి ఆ పొద్దునే రంగు వేసినట్టున్నాడు, పై పెదవికి కూడా కాస్త అంటింది. ఆరింటికి విలేకరుల్ని గేటు దగ్గరికి రమ్మన్నాడట. టేబుల్ మీద చెవి పడుకోబెట్టి ఉంది. మూలన నేల మీద జాలరి కాత్తవరాయన్, మోకాళ్ళు కౌగిలించుకుని, చెప్పి చెప్పి అలిసిపోయిన మొహంతో.

"ఇంటి దొంగ పని మాస్టర్," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మీవాడు స్టోర్‌లోంచి తీశాడు, వీడికిచ్చాడు, వీడు సముద్రంలో అవతలి వాళ్ళకి అందిస్తాడు. చూడండి, దీనిమీదంతా రహస్య సంకేతాలు."

"అవి రష్యా అక్షరాలు సార్. 'ఈ వైపు పైకి' అని."

"మీకు రష్యన్ వచ్చా?"

"రాదు. పక్కన బాణం గుర్తు ఉంది."

ఆయన బాణం వంక చూసి, అదేదో తన ఉద్యోగానికి అడ్డం పడ్డట్టు మొహం తిప్పుకున్నాడు. అవతలి వాళ్ళంటే ఎవరని అడిగాను. అవతలంటే అవతలే, పేపర్లకి అది చాలన్నాడు.

నేను కాత్తవరాయన్ పక్కన కూర్చున్నాను. మోకాళ్ళ నొప్పులున్న మనిషి నేల మీద కూర్చోవడం అంటే దర్యాప్తు పట్ల ఎంత నిబద్ధతో మీరే ఆలోచించండి.

"పోలీసాయనకి చెప్పాను, రాసుకునే ఆయనకి చెప్పాను, టీ తెచ్చినాయనకి కూడా చెప్పాను. మీరూ వినండయ్యా, పోయేదేముంది," అన్నాడు కాత్తవరాయన్. "మంగళవారం మధ్యాన్నం వల లాగుతుంటే పెద్ద విమానం వచ్చింది. ఎంత కిందికంటే, నా తలగుడ్డ ఎగిరిపోయి నీళ్ళలో పడింది. కొత్త గుడ్డ. ఆ సంగతి ఎవరూ రాసుకోవట్లేదు. దాని పొట్టలోంచి గొడుగు కట్టుకుని ఇది దిగింది. పడ్డదేదో పడింది, మన సముద్రంలోనే కదా అని పడవలో వేసుకున్నా."

"గొడుగు ఏది?"

"మా ఆవిడ ఉయ్యాల కట్టింది. బిడ్డ మూడ్రోజుల్నుంచి ఏడవకుండా నిద్రపోతోంది. ఈ గొడవలో నాకు మిగిలింది అదొక్కటే."

ఉయ్యాల ఎందుకు తేలేదని ఇన్‌స్పెక్టర్‌ని అడిగాను. వెళ్ళిన కానిస్టేబుల్ బిడ్డ లేస్తుందేమోనని సాయంత్రం దాకా చూశాడట. లేవలేదట. లేపితే ఆ తల్లి ఊరుకునేలా లేదట. వెనక్కొచ్చేశాడు. అతనికీ చిన్నబిడ్డ ఉంది.

"గొడుగు విచ్చుకుందంటే అది పైనుంచి పడిందన్నట్టు కదా సార్."

"తాడు లాగినా విచ్చుకుంటుంది," అన్నాడు జ్ఞానప్రకాశం. "మీ స్థావరమే నాకు రాసిచ్చింది. మంగళవారం ఎగిరింది ఒకే విమానం. మొదటినుంచీ చివరిదాకా మబ్బుల పైనే ఉంది, కిందికి దిగలేదు, ఏమీ జారవిడవలేదు. విమానం నడిపిన కమాండర్ రంగభాష్యం గారి సంతకం. మీ కమాండర్ మాట నమ్మాలా, తలగుడ్డ పోయిందని ఏడ్చేవాడి మాటా?"

"తలగుడ్డ పోయిందని అబద్ధం ఎందుకు చెబుతాడు?"

"మాస్టర్, మీరు డిసెంబరులో ఇంటికెళ్ళిపోతారు. నేను ఇంకా పన్నెండేళ్ళు ఈ మీసంతో బతకాలి. ఆరింటికి వ్యాను వస్తుంది. ఇద్దర్నీ ఒకేసారి ఎక్కిస్తాను, డీజిల్ కలిసొస్తుంది."

మా స్థావరంలో లాకప్ అంటూ ఉన్నది ఒక్క గదే. అందులో ఆయుధపూజ షామియానాలు పెడతాం. సెల్వనాయగం ఆ మడత గుడ్డల మీద కూర్చుని ఉన్నాడు. సోమవారం లెక్క సరిపోయిందనీ, మంగళవారం ఏనుగుకి ఎక్కించినవి ఎక్కించినట్టే తిరిగి దించారని సంతకం పెట్టించారనీ, బుధవారం చూస్తే ఒకటి లేదనీ చెప్పాడు. దించేటప్పుడు లెక్కపెట్టలేదా అని అడిగాను. కమాండర్ గారు నిలబడి సంతకం పెట్టమంటే ఆయన ముందు వేళ్ళు మడిచి లెక్కపెడతామా మాస్టర్ అన్నాడు. నేనైనా పెట్టను. అది మాకు ఉన్న జబ్బు.

బయటికొస్తుంటే వెనక నుంచి పిలిచాడు.

"మాస్టర్, ఆదివారం తప్పకుండా రండి. నేనున్నా లేకపోయినా పాయసం ఉంటుంది. మీరు తినగలిగింది అదొక్కటే కదా, దాంట్లో ఉప్పుండదు."

కొంతమంది మనల్ని తిట్టినా బాగుండును అనిపిస్తుంది.

ఎండ నడినెత్తిన ఉంది. నాకు ఏమీ తోచలేదు. ఏమీ తోచనప్పుడు మధ్యతరగతి మనిషి చేసే పనే నేనూ చేశాను. ఎదురుపడిన నీళ్ళ లారీ ఆపి పోట్లాడాను. డిటెక్టివుగా కాదు, బాధితుడిగా. మంగళవారం మా లైనుకి రావలసిన లారీ ఎక్కడ పోయింది, మేం మనుషులం కామా, మా ఇంట్లో గిన్నెలు తోమక్కర్లేదా అని మా ఆవిడ గొంతుతోనే అడిగాను.

డ్రైవరు తాపీగా బీడీ పక్కకి మార్చుకున్నాడు. తనని అడిగి లాభం లేదనీ, మంగళవారం సాయంత్రం మా లైను మలుపు దాకా వచ్చాక లారీని రన్‌వే వైపు తిప్పించారనీ, చుక్క మిగలకుండా పిండేశారనీ చెప్పాడు.

ఎందుకని అడిగాను.

"ఏనుక్కి స్నానం," అన్నాడు.

తిడుతూ నాలుగడుగులు వేశాను. ఐదో అడుగు పడలేదు.

ఏనుగుకి స్నానం ఊరికే చేయించరు. సముద్రానికి దగ్గరగా, కెరటాల తుంపర తగిలేంత కిందికి దిగి ఎగిరితే ఒళ్ళంతా ఉప్పు పడుతుంది. ఆ రాత్రి గడిచేలోగా మంచినీళ్ళతో కడగకపోతే రేకు తినేస్తుంది. అందుకని కిందికి దిగొచ్చిన రోజు తప్పనిసరిగా కడుగుతారు. మబ్బుల పైన తిరిగొచ్చిన రోజు ఎవరూ కడగరు. ఈ ఎండాకాలం, ఊరంతా బిందెలు వరసలో పెట్టుకుని కూర్చున్న రోజుల్లో, ఉప్పు పట్టని విమానాన్ని మా ఇంటి నీళ్ళు పోసి కడిగేవాడు ఈ భూమ్మీద లేడు.

ఆ ఏనుగు మంగళవారం తర్వాత కదలలేదు. టైరు రష్యా నుంచి రావాలట. చెట్టు నీడలో పశువులా నిలబడి ఉంది. ఎంత శుభ్రంగా కడిగారంటే నా మొహం దాని ఒంటిలో కనిపించింది. అంత అవసరం లేదు. చుట్టూ తిరిగాను, రెక్కల కింద చూశాను, చక్రాల దగ్గర వంగాను. నడుము పట్టేసింది. వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయి పొట్ట వైపు చూశాను.

చెవులు జారవిడిచే తలుపు అంచున రబ్బరు పట్టీ ఉంటుంది. ఇల్లు తుడిచేవాళ్ళు మంచం కింద మూల ఎలా వదిలేస్తారో, కడిగేవాళ్ళు ఆ పట్టీ మడతని అలా వదిలేశారు. గోరుతో గీకాను. తెల్లటి పొడి వచ్చింది. నాలిక మీద వేసుకున్నాను.

రెండు నెలల తర్వాత ఉప్పు.

ఇంకొకరైతే ఒక్క క్షణం అనుమానపడేవారేమో. నా నాలికకి ఆ అవకాశం లేదు. మళ్ళీ గీకి ఇంకోసారి రుచి చూశాను. అది దర్యాప్తు కోసం కాదు.

ఇన్‌స్పెక్టర్ మెస్‌లో పెరుగన్నం, ఆవకాయ తింటున్నాడు. ఎదురుగా కూర్చుని నీళ్ళ సంగతి, రబ్బరు పట్టీ సంగతి చెప్పాను. ఆయన అంతా విన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. తొందరలో ఉన్నాడు, అంతే.

"బాగుంది. కోర్టులో ఎవర్ని ప్రవేశపెడతారు, మీ నాలికనా? అవతలి లాయరు ఇంత ఆవకాయ పెట్టాడంటే సాక్షి తారుమారైపోతాడు."

"ఉప్పు ఇంకా అక్కడే ఉంది సార్. మీరూ వచ్చి చూడండి."

"ఇవాళ శుక్రవారం, నేను ఇనుము నాకను," అన్నాడు ఆవకాయ ముక్క చీకుతూ. "వినండి మాస్టర్. కాగితం మీద మీ కమాండర్ సంతకం ఉంది. దాన్ని కొట్టాలంటే ఇంకో కాగితమైనా కావాలి, ఫోటో అయినా కావాలి. ఆరు లోపల తెస్తే వ్యాను ఖాళీగా పంపుతాను. విలేకరులకి మీరే టిఫిన్లు పెట్టాలి."

కమాండర్ రంగభాష్యం గారి గదిలో ఫిల్టర్ కాఫీ వాసన. నన్ను కూర్చోమన్నారు. తెల్ల యూనిఫాం, నుదుటి మీద సన్నటి ఎర్రగీత, కళ్ళ కింద నల్లటి సంచులు. సముద్రం మీద గంటలకొద్దీ నీళ్ళనే చూసి చూసి ఆయన కళ్ళు ఎప్పుడూ ఎదుటి మనిషికి కాస్త అవతల ఆగుతాయి.

మంగళవారం విమానం ఎందుకు కడిగారని అడిగాను. దుమ్ము పడిందన్నారు.

"దుమ్ము ఉప్పగా ఉండదు సార్."

ఆయన కాఫీ గ్లాసు ఒక చుట్టు తిప్పారు. లేచి తలుపు వేసి వచ్చారు. ఇక అబద్ధమాడటానికి కూడా ఓపిక లేనట్టు చెప్పడం మొదలుపెట్టారు.

తీరం వెంబడి మన స్థావరం వాళ్ళు కొందరు కలిసి ఇళ్ళ స్థలాలు కొన్నారు. పక్కన రొయ్యల చెరువువాడు రాత్రికి రాత్రి హద్దురాళ్ళు జరిపి చెరువు పెంచుకుంటూ వస్తున్నాడు. తాసిల్దారు ఆఫీసులో పైనుంచి తీసిన ఫోటో ఉంటే తేలిపోతుందన్నారు. పైనుంచి ఫోటో తియ్యడానికి ఊళ్ళో ఎవరికీ సాధనం లేదు. మనకుంది. మంగళవారం తిరిగొచ్చేటప్పుడు కాస్త పక్కకి తిరిగి, కిందికి దిగి, స్థలాల మీదుగా పోయారు.

జలాంతర్గాముల్ని పట్టడానికి ప్రభుత్వం కొన్న విమానం హద్దురాయిని పట్టడానికి వెళ్ళిందన్నమాట. నేను నవ్వలేదు. స్థలాలంటే మనిషికి ఎంత ప్రాణమో నాకు తెలుసు.

"మరి చెవి ఎలా పడింది సార్?"

"సరిగ్గా స్థలం మీదికొచ్చాక కెమెరావాడికి 'ఇప్పుడు' అని అరిచాను. వాడు వరసపెట్టి నొక్కాడు. వెనక చెవులు వదిలేవాడు కూడా నొక్కాడు. వాడికి మేం దేనికొచ్చామో తెలీదు. ఎనిమిదేళ్ళుగా నేను 'ఇప్పుడు' అంటే వాడు నొక్కుతూనే ఉన్నాడు. మంచి మనిషి." కాఫీ ఒక గుక్క తాగారు. "కిందికి దిగలేదని రాసినవాళ్ళం ఒకటి పడిపోయిందని ఎలా రాస్తాం? ఎలాగూ మునిగిపోతుంది కదా అనుకున్నాం. అది మునిగేలోపు ఆ జాలరి ఎత్తుకుపోయాడు."

"అన్నీ దాచినవాళ్ళు కడగడం ఎందుకు సార్? కడక్కపోతే నాకు తెలిసేది కాదు."

మొత్తం మాటల్లో ఆయనకి కోపం వచ్చింది అప్పుడే.

"ఉప్పుతో వదిలేస్తామా మాస్టర్? తుప్పు పట్టిపోదూ?"

ప్రభుత్వానికి లిఖితపూర్వకంగా అబద్ధం చెప్పగలిగిన మనిషి, ఏనుగుని స్నానం చేయించకుండా పడుకోబెట్టలేకపోయాడు. నాకెందుకో ఆయన మీద కోపం రాలేదు. అలసట వచ్చింది.

సెల్వనాయగం సంగతేమిటని అడిగాను. రెండు మూడేళ్ళలో కోర్టు వదిలేస్తుందిలెండి అన్నారు, నా భుజం మీదుగా గోడని చూస్తూ. వాళ్ళ పాప చెవులు కుట్టించడం ఆదివారం అన్నాను. ఆయన మళ్ళీ గ్లాసు అందుకున్నారు. ఆ ఫోటో ఎక్కడుంది సార్, ఎవరివి ఆ స్థలాలు అన్నాను.

"ఫిల్ము నిన్ననే కాల్చేశాను. ప్రింటు ఒక్కటే ఉంది." గ్లాసు బల్ల మీద పెట్టారు. "అది ఎక్కడుందో మీ ఇంట్లో అడగండి."

ఇంటికి ఎలా నడిచానో గుర్తులేదు. చెప్పులు విడిచి నేరుగా దేవుడి అలమర దగ్గరికి వెళ్ళాను. మురుగన్‌కీ మా మామగారికీ మధ్య ఉన్నది దేవుడు కాదు. సముద్రం. దాని ఒడ్డున గళ్ళగళ్ళుగా స్థలాలు, పక్కన అద్దంలా రొయ్యల చెరువు. మూడో గడి మీద కుంకుమ బొట్టు పెట్టి ఉంది. ఫ్రేముకి మల్లెపూల చెండు.

స్టూలెక్కి దగ్గరగా చూశాను. కింది మూలన, సముద్రం మీద, చిన్న పడవ. అందులో తల పైకెత్తి చూస్తున్న మనిషి, బోడి తలతో. పడవకి కాస్త పైన తెల్లటి మొగ్గలా ఒకటి గాల్లో వేలాడుతోంది. గొడుగు. ఫోటో అంచున కెమెరాలోని గడియారం తేదీతో సహా పడింది.

"కొంగ అనుకున్నా," అంది మంగై వెనక నుంచి. "దించకండి. రేపు స్థలాల సంఘం మీటింగు మనింట్లోనే. ఆఫీసర్ల భార్యలంతా చూడ్డానికొస్తున్నారు."

మనకి స్థలం ఎప్పటినుంచి ఉందని అడిగాను. నాలుగేళ్ళ నుంచి. మా మామగారు ఇచ్చిన గాజులు అమ్మి కొన్నదట. రిటైరయ్యే రోజున చెప్పి నా మొహం చూద్దామనుకుందట. చూసింది. అనుకున్నంత బాగా లేదు.

కూర్చుని అంతా చెప్పాను. జాలరి, చెవి, సెల్వనాయగం, ఆరు గంటల వ్యాను. మంగళవారం మనకి రావలసిన నీళ్ళు ఈ ఫోటో కోసమే పోయాయని కూడా చెప్పాను. ఆమె ఖాళీ బిందెల వంక చూసి, ఫోటో వంక చూసి, నా వంక చూసింది. ఆ చూపులో తప్పంతా నాదే.

"ఇప్పుడే వెళ్ళి కెప్టెన్ దొరైకణ్ణు గారి చేతికిస్తాను. ఆయన చూసుకుంటారు," అన్నాను లేస్తూ.

"ఎవరికీ?" అంది మంగై. "అసలా ఫోటో తీయిద్దామన్నదే వాళ్ళావిడ. సముద్రం వైపు మొదటి స్థలం ఎవరిదనుకున్నారు?"

మళ్ళీ కూర్చున్నాను.

పొద్దున ఫోన్లో విన్న మాట చెవిలో మోగింది. ఈ కేసుకి నీ అనుభవం కావాలయ్యా. ఢిల్లీలో ట్రైనింగైన కుర్రాడు కూపీ లాగితే లాగినట్టే బయట పెడతాడు. పూంగావనం లాగితే తీగ వచ్చి తన ఇంటి దేవుడి అలమరకే తగులుకుంటుంది. అక్కడితో నోరు మూసుకుంటాడు. ఆయనకి కావలసిన నా అనుభవం అదీ. ముప్పై ఏళ్ళ సర్వీసులో నన్ను ఇంత బాగా అంచనా వేసినవాళ్ళు లేరు.

ఫోన్ మోగింది. మంగై ఎత్తింది. ఊఁ, ఊఁ అని పెట్టేసింది. కెప్టెన్ గారి భార్య. ఆ ఫోటో ఫ్రేము మార్పించాలట, కారు పంపిస్తున్నారట, ఇచ్చెయ్యమన్నారట.

గోడ గడియారం ఐదున్నర దాటింది. ఫ్రేము వెనక మేకులు ఊడదీసి ఫోటో బయటికి లాగాను. ఇన్‌స్పెక్టర్‌కి ఇస్తే ఆయన మాట మీద నిలబడతాడేమో, లేక పైనుంచి ఒక్క ఫోన్ రాగానే అదే జేబులో మడిచిపెడతాడేమో చెప్పలేను. ఇంకో ప్రింటు లేదు, ఫిల్ము లేదు. ఎవరూ మింగెయ్యకుండా ఉండాలంటే గేటు దగ్గర విలేకరులందరి ముందూ పైకెత్తి చూపించాలి. అలా చూపిస్తే నౌకాదళం విమానం తీసిన ఫోటో బయటపెట్టినందుకు నేనూ ప్రభుత్వ రహస్యాల చట్టం కిందికే వస్తాను. సెల్వనాయగం దిగిపోయిన సీట్లో నేను ఎక్కుతాను. స్థలం సరే, డిసెంబరు కూడా పోతుంది.

మంగై లోపలికి వెళ్ళింది. ఏడుస్తోందేమో అనుకున్నాను. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా పట్టుకుని వచ్చింది.

"అది విప్పి ఇది వేసుకోండి. పేపర్లో పడేటప్పుడు కాలరు అలా ఉంటే జనం నన్నంటారు."

"మరి స్థలం?"

"సగం ఎలాగూ రొయ్యలు తినేశాయి," అంది గుండీలు పెడుతూ. "ఆ పిల్లకి చెవులు కుట్టేటప్పుడు పక్కన తండ్రి లేకపోతే గుక్కపట్టి ఏడుస్తుంది."

వీధి చివర కెప్టెన్ గారి కారు మలుపు తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఫోటో చొక్కా లోపల బనియనుకి ఆనించి పెట్టుకుని పెరటి తలుపులోంచి బయటపడ్డాను. ఖాళీ బిందెలు ఒకటి రెండు దొర్లాయి. ఇప్పుడు ఈ గోడ పక్కగా గేటు వైపు నడుస్తున్నాను. అక్కడ వ్యాను స్టార్ట్ చేసి ఉంది. పొగ కనిపిస్తోంది.

అయ్యలారా, అమ్మలారా, మీలో ఇలాంటివి ఎరిగున్నవాళ్ళు ఎవరైనా ఉంటే కాళ్ళు పట్టుకుంటాను, త్వరగా చెప్పండి. ఏం చెయ్యాలని కాదు, ఆ సంగతి చొక్కా ఇస్త్రీ చేసిన ఆవిడ తేల్చేసింది. బీపీ మాత్ర ఇప్పుడే వేసుకోనా, వ్యాను ఎక్కాక వేసుకోనా? రిమాండులో ఉన్నవాళ్ళకి పెట్టే సాంబారులో ఉప్పు వేస్తారా? వేస్తే తినొచ్చా? మంగైకి చెప్పాలా?